గొరిల్లాల్ని చూడ్డానికి వెళ్తున్నారా? ముందు మీ జలుబు సంగతి చూసుకోండి

పోయిన నెల ఇదే పేజీలో ఉగాండాలోని బ్విండి ఇంపెనిట్రబుల్ నేషనల్ పార్క్‌లో గొరిల్లాల్ని చూసే ట్రెక్ గురించి నాలుగు ముక్కలు రాస్తే బోలెడు మెయిల్స్ వచ్చాయి. సగం మంది డబ్బు గురించి అడిగారు, మిగతావాళ్ళలో ఎక్కువమంది గొరిల్లా మీదకొస్తే ఏం చెయ్యాలని అడిగారు. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కరే అడిగారు, అది మధ్యలో ఎక్కడో ఉంటుంది, దయచేసి దాన్ని స్కిప్ చెయ్యొద్దు.

ప్రశ్న: గొరిల్లాల్ని ఒక్క గంట చూసే పర్మిట్‌కి 800 డాలర్లా?! ఫ్లైటు, లాడ్జి, కారు అన్నీ మళ్ళీ వేరే. ఇది దోపిడీ కాదా అండీ? రువాండాలో అయితే తక్కువలో అయిపోతుందని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు: ఆ ఎవరో మీకు తలకిందులుగా చెప్పారు. రువాండాలో వోల్కనోస్ నేషనల్ పార్క్ పర్మిట్ 1500 డాలర్లు, 2017 మేలో 750 నుంచి ఒక్కసారే డబుల్ చేసేశారు. ఉగాండాలో 2020 మధ్య వరకు 600 ఉండేది, తర్వాత 700 అయింది, 2024 జులై నుంచి మనలాంటి విదేశీయులకి 800. అక్కడి వాళ్ళకి మాత్రం 3 లక్షల ఉగాండా షిల్లింగులే, అది న్యాయమే కదా, అడవి వాళ్ళది. మూడో దారి కాంగోలోని విరుంగా పార్క్, అది 1925లో పెట్టిన పార్క్, ఆఫ్రికాలో మొట్టమొదటిది, రేటు కూడా తక్కువే, కానీ అక్కడ తుపాకులు ఆగట్లేదు, ఇప్పటిదాకా 200 మందికి పైగా రేంజర్లు డ్యూటీలో చనిపోయారు, కాబట్టి చవక కదా అని అటు వెళ్ళమని నేను చెప్పను.

ఇక దోపిడీ సంగతి. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకి ఒక్క బ్యాచ్‌నే పంపుతారు, అందులో 8 మందికి మించి ఉండరు, చూసేది ఒక గంట. అంటే సీట్లు పెంచి రేటు తగ్గించే వ్యాపారం కాదు ఇది. ఆ ఒక్క గంట కోసం ట్రాకర్లు పొద్దున్నే మీకంటే ముందు అడవిలోకి వెళ్ళి నిన్న గొరిల్లాలు పడుకున్న గూళ్ళ దగ్గర మొదలుపెట్టి విరిగిన కొమ్మలు, పేడ, నమిలి పారేసిన కాడలు చూసుకుంటూ ఇవాళ ఎక్కడున్నాయో కనిపెడతారు (గొరిల్లాలు రోజూ సాయంత్రం కొత్త గూడు కట్టుకుంటాయి, నిన్నటిది మళ్ళీ వాడవు). టూరిస్టు ఒక్కడూ రాని రోజు కూడా ఈ పని ఆగదు. అంతకుముందు అసలు ఒక గుంపు మనుషుల్ని చూసి పారిపోకుండా అలవాటు పడటానికే రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మచ్చిక చెయ్యడం కాదు అది, మనల్ని పట్టించుకోకుండా వాటి పని అవి చేసుకునేలా అలవాటు చెయ్యడం. బ్విండిలో 1993లో బుహోమా వైపు ముబారే అనే ఒక్క గుంపుతో టూరిజం మొదలైంది, ఇప్పుడు అలాంటి గుంపులు ఇరవైకి పైగా ఉన్నాయి.

ఫలితం కూడా కనిపిస్తోంది. బ్విండిలో, దానికి ఆనుకుని కాంగో వైపున్న సరాంబ్వేలో కలిపి 2018లో లెక్కపెడితే 459 గొరిల్లాలు వచ్చాయి, మూడు దేశాల సరిహద్దులో ఉన్న విరుంగా అగ్నిపర్వతాల వైపు అంతకుముందు చేసిన లెక్కలో 604. మొత్తం 1063. ఇవి మౌంటెన్ గొరిల్లా అనే రకం, ఆ లెక్కల ప్రకారం ప్రపంచంలో అన్నీ కలిపి అంతే, కానీ సంఖ్య పెరుగుతోంది కాబట్టి 2018 నవంబర్‌లో ఐయూసీఎన్ (అంతరించిపోతున్న జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ) వాళ్ళు వీటిని అతి తీవ్రమైన ప్రమాదం ఉన్న లిస్టు నుంచి ప్రమాదం ఒక మెట్టు తక్కువున్న లిస్టులోకి మార్చారు. కరోనా వల్ల టూరిస్టులు ఆగిపోయిన 2020 జూన్‌లో ఏమైందో కూడా చెప్పుకోవాలి, న్కురింగో గుంపుకి పెద్ద అయిన రఫీకి అనే సిల్వర్‌బ్యాక్‌ని (వీపు మీద బొచ్చు వెండి రంగుకి తిరిగిన పెద్ద మగ గొరిల్లా) బల్లెంతో పొడిచి చంపారు. పట్టుబడ్డ వేటగాడు చిన్న జంతువుల కోసం వచ్చానని, అది మీదకొస్తే ప్రాణం కాపాడుకోడానికి పొడిచానని చెప్పాడు, అతనికి 11 ఏళ్ళ జైలు పడింది. టూరిస్టులు లేకపోవడమే కారణం అని తేల్చి చెప్పలేం గానీ ఊళ్ళలో సంపాదన ఆగిపోతే జనం ఉచ్చులు పట్టుకుని అడవిలోకి వెళ్తారన్నది అక్కడ అందరికీ తెలిసిన సంగతే.

కాబట్టి ఖరీదే, కాదనను, దోపిడీ మాత్రం కాదు. అప్పు చేసి మాత్రం వెళ్ళకండి.

ప్రశ్న: జూలో గొరిల్లాని చూసేశాం కదా, అంత దూరం వెళ్ళి అదే చూడాలా?

జవాబు: జూల్లో మీరు చూసేది దాదాపు ఎప్పుడూ వెస్టర్న్ లోలాండ్ గొరిల్లా. మౌంటెన్ గొరిల్లా ప్రపంచంలో ఏ జూలోనూ లేదు. చలికి తగ్గట్టు ఒత్తుగా, పొడుగ్గా ఉండే ఆ బొచ్చుతో దాన్ని చూడాలంటే ఉగాండా, రువాండా, కాంగో, ఈ మూడింట్లో ఒకచోటికి నడుచుకుంటూ వెళ్ళాల్సిందే. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం అండీ, చూడకపోతే జీవితం వృథా లాంటి మాటలు నేను చెప్పను.

ప్రశ్న: నాకు 62, మా ఆవిడకి 58. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పొద్దున వాకింగ్ చేస్తాం. ట్రెకింగ్ చెయ్యగలమా సార్?

జవాబు: పైన వయసు లిమిట్ ఏమీ లేదు, డెబ్భైలు దాటినవాళ్ళు కూడా వెళ్తారు. కానీ చదునైన రోడ్డు మీద వాకింగ్‌కీ దీనికీ సంబంధం లేదు, ముందే చెప్తున్నా. బ్విండి అంటే 1160 మీటర్ల నుంచి 2607 మీటర్ల దాకా ఎక్కుతూ దిగుతూ ఉండే కొండలు, నిటారుగా ఉంటాయి, కింద తడి ఆకులు, తీగలు, బురద, చాలా చోట్ల బాటే ఉండదు, ముందున్న మనిషి పంగా కత్తితో కొమ్మలు నరుక్కుంటూ వెళ్తుంటే వెనకాల మనం. గొరిల్లాలు దగ్గర్లో ఉంటే గంటలో అయిపోతుంది, దూరం వెళ్ళిపోయి ఉంటే వెళ్ళి రావడానికి ఆరేడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు, అది ఎవరి చేతిలోనూ లేదు. మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టం, అది మీ ఆవిడకి నేను చెప్పక్కర్లేదు.

అలాగని వదిలెయ్యకండి. బ్విండిలో నాలుగు వైపుల నుంచి ట్రెకింగ్ మొదలవుతుంది: బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో. వీటిలో బుహోమా కాస్త నయం అంటారు, న్కురింగో బాగా నిటారు, రుహిజా ఎత్తులో ఉంటుంది కాబట్టి చలి ఎక్కువ. రుషాగాలో గుంపులు ఎక్కువ కాబట్టి దగ్గర్లో ఉన్న గుంపు దొరికే ఛాన్స్ కూడా ఎక్కువ. పొద్దున బ్రీఫింగ్ దగ్గర ఏ గుంపు ఎవరికో పంచుతారు, ఆ టైమ్‌లో మోకాళ్ళ సంగతి మొహమాటపడకుండా రేంజర్‌కి చెప్పండి, వీలైనంత వరకు దగ్గర గుంపుకి వేస్తారు. కుర్రాళ్ళ ముందు చెప్పడానికి నామోషీ అనుకుని నోరు మూసుకుంటే మధ్యాహ్నానికి కొండ మధ్యలో ఇరుక్కుంటారు.

పోర్టర్‌ని కచ్చితంగా పెట్టుకోండి, ఇద్దరికీ చెరొకరు. బ్యాగు మొయ్యడమొక్కటే కాదు, చెయ్యి పట్టి లాగుతారు, వెనక నుంచి తోస్తారు, ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తారు. అస్సలు నడవలేని వాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది, కుర్చీ లాంటి డోలీలో కూర్చోబెట్టి నలుగురైదుగురు మార్చి మార్చి మోసుకెళ్తారు, అక్కడివాళ్ళు దాన్ని సరదాగా హెలికాప్టర్ అంటారు. దాని ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది, ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. పర్మిట్ ఏ వైపుకి ఉందో లాడ్జి కూడా ఆ వైపే బుక్ చేసుకోండి. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ బుహోమా నుంచి రుషాగాకి ఆ కొండ రోడ్ల మీద గంటలు పడుతుంది, పొద్దున ఏడున్నర ఎనిమిదికల్లా బ్రీఫింగ్‌కి వెళ్ళాలి, లేటైతే మీ కోసం ఎవరూ ఆగరు.

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్ళు, జంతువులంటే పిచ్చి. వాడికోసమే ఈ ట్రిప్ అనుకుంటున్నాం.

జవాబు: వద్దు మేడమ్, ఇంకో రెండేళ్ళు ఆగండి. 15 నిండాలి, పాస్‌పోర్ట్ చూస్తారు, ఎత్తుగా ఉన్నాడనో నెమ్మదస్తుడనో వదలరు. పిల్లలు గట్టిగా అరుస్తారనో పరిగెడతారనో భయం ఒకటి, పిల్లలకి వచ్చే దగ్గులూ జ్వరాలూ గొరిల్లాలకి అంటుకుంటాయన్న భయం ఇంకోటి.

ప్రశ్న: పర్మిట్ ఆరునెలల ముందే కొనేసి, తీరా ఆ రోజు పొద్దున జలుబు చేస్తే ఏం చెయ్యాలి? ఒక టాబ్లెట్ వేసుకుని వెళ్ళిపోవచ్చా?

జవాబు: ఇదిగో ఇదే నేను చెప్పిన ప్రశ్న. నిజాయితీగా అడిగినందుకు థాంక్స్ అండీ, ఎందుకంటే చాలామంది అడగరు, టాబ్లెట్ వేసేసుకుని వెళ్ళిపోతారు.

వెళ్ళకూడదు. మనకీ గొరిల్లాలకీ డీఎన్‌ఏ 98 శాతం కలుస్తుంది, మనకి రెండు రోజుల్లో పోయే జలుబు వాటికి న్యుమోనియా అవ్వొచ్చు. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2009లో రువాండా వైపు హిర్వా అనే గుంపులో దగ్గులు, ఊపిరి ఇబ్బందులు మొదలై ఒక తల్లి, ఒక పసిపిల్ల చనిపోయాయి, వాటిలో దొరికింది మనుషుల్లో తిరిగే మెటాన్యుమో వైరస్. మనలో పెద్దవాళ్ళకైతే అది చాలావరకు మామూలు జలుబే. బ్విండిలో 1996లో గజ్జి వచ్చింది గొరిల్లాలకి, బొచ్చు ఊడిపోయింది, ఒక పిల్ల చనిపోయింది, ఊళ్ళ అంచున మనుషుల బట్టల నుంచి అంటుకుని ఉంటుందని అనుమానించారు. అప్పుడు పని చేసిన పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా తర్వాత 2003లో కన్సర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్ అని సంస్థే పెట్టారు, ఆవిడ వాదన ఏంటంటే చుట్టుపక్కల ఊళ్ళలో మనుషుల ఆరోగ్యం బాగుంటేనే గొరిల్లాల ఆరోగ్యం బాగుంటుంది అని.

వెయ్యి చిల్లర మాత్రమే ఉన్న జంతువులకి ఒక గుంపులో జబ్బు పాకితే ఏమవుతుందో ఆలోచించండి. మనం ఇచ్చిన డబ్బు వాటిని కాపాడుతోంది అనుకుంటూ వెళ్ళి మనమే జబ్బు అంటించి రావడం కన్నా ఘోరం ఇంకోటి ఉండదు. అందుకే కరోనా తర్వాత మాస్క్ తప్పనిసరి చేశారు, ముందు 7 మీటర్లు ఉన్న దూరాన్ని 10 మీటర్లు చేశారు. దగ్గు, జలుబు, జ్వరం, విరేచనాలు, ఏది ఉన్నా బ్రీఫింగ్ దగ్గర మీరే చెప్పెయ్యండి. పర్మిట్ కొనేటప్పుడే, జబ్బు చేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు, తేదీ మారుస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే ట్రెక్ తర్వాత రెండు రోజులు ఖాళీ ఉండేలా ప్లాన్ చేసుకోండి, తేదీ మారితే పనికొస్తాయి. ఫ్లైట్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో కూడా మాస్క్ పెట్టుకోండి, జలుబులు సగం అక్కడే అంటుకుంటాయి.

ప్రశ్న: సిల్వర్‌బ్యాక్ మీదకి వస్తే?

జవాబు: పరిగెత్తకూడదు. అన్నిటికన్నా ముఖ్యం అదే. గైడ్ ఏం చేస్తే అది చెయ్యండి, మెల్లగా కిందికి కూర్చోండి, కళ్ళలోకి చూడకండి. అది 160, 180 కిలోలు ఉన్న జంతువు, రొమ్ము కొట్టుకుంటూ పొదలు విరుచుకుంటూ వచ్చిందంటే గుండె ఆగినంత పనవుతుంది, కానీ ఎక్కువసార్లు అది బెదిరింపే, కొంచెం దూరంలో ఆగిపోతుంది. పరిగెత్తినవాడి వెంట మాత్రం పడొచ్చు. రొమ్ము కొట్టుకునేది పిడికిళ్ళతో అనుకుంటాం కదా, కాదు, దొప్పలా వంచిన అరచేతులతో, ఆ చప్పుడు అడవిలో చాలా దూరం వినిపిస్తుంది. గైడ్లు గొంతు సవరించుకున్నట్టు ఒక మూలుగు లాంటి శబ్దం చేస్తుంటారు, గొరిల్లాలు తీరిగ్గా ఉన్నప్పుడు చేసే శబ్దమే అది, మేం గొడవకి రాలేదు అని చెప్పడం అన్నమాట.

రేంజర్ల దగ్గర తుపాకులు ఉంటాయి, అవి గొరిల్లాల కోసం కాదు, బ్విండిలో ఏనుగులు ఉన్నాయి, ఎదురుపడితే గాల్లోకి పేల్చి తరమడానికి. నన్నడిగితే చాలామందిని ఇబ్బంది పెట్టేవి గొరిల్లాలూ కాదు, ఏనుగులూ కాదు, దురదగొండి ఆకు, చీమలు! పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, ప్యాంటు అంచులు సాక్స్ లోపల దోపుకోవాలి, తోటపని గ్లౌజులు ఒక జత. ఇది పాటించనివాళ్ళు ఆ గంటంతా గోక్కుంటూ గడుపుతారు.

ప్రశ్న: ఫోన్‌తో సెల్ఫీ తీసుకోనిస్తారా? వీడియోల్లో గొరిల్లాలు వచ్చి మనుషుల్ని తాకుతున్నాయి కదా?

జవాబు: ఫోన్, కెమెరా రెండూ ఓకే, ఫ్లాష్ మాత్రం ఆఫ్ చెయ్యాలి. అడవి లోపల చీకటి, గొరిల్లా నలుపు, కాబట్టి ఫోటోలు అనుకున్నంత రావు, ముందే మనసుకి చెప్పుకోండి. సెల్ఫీ అంటే మీరు దానికి వీపు పెట్టి దగ్గరకి జరగడం, అక్కడే తేడా వస్తుంది. టూరిస్టులు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన 858 గొరిల్లా ఫోటోల్ని తీసుకుని పరిశోధకులు చూస్తే ఎక్కువ శాతం ఫోటోల్లో మనుషులు 4 మీటర్ల లోపే ఉన్నారు, 2021లో వచ్చింది ఆ పేపర్. పిల్ల గొరిల్లాలకి కుతూహలం ఎక్కువ, అవే దగ్గరకి వస్తాయి, అప్పుడు వెనక్కి జరగాల్సింది మనం. రేంజర్ జరగమంటే జరగాలి, ఇంకొక్క ఫోటో అని బతిమాలకూడదు. టిప్ ఎక్కువిస్తా దగ్గరికి తీసుకెళ్ళు అనేవాళ్ళ గురించి కూడా విన్నాను, వాళ్ళకి ఈ పేజీలో నా దగ్గర జవాబు లేదు.

గంట సరిపోదు అనుకునేవాళ్ళకి రుషాగాలో హాబిట్యుయేషన్ అని ఇంకో పర్మిట్ ఉంది, ఇంకా అలవాటు పడుతున్న గుంపుతో 4 గంటలు, నలుగురే వెళ్తారు, రేటు 1800 డాలర్లు. ఆ గుంపు మనల్ని ఇంకా నమ్మలేదు కాబట్టి పరిగెడుతూనే ఉండొచ్చు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను.

ప్రశ్న: ఏ నెలలో వెళ్ళాలి?

జవాబు: జూన్ నుంచి ఆగస్టు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వాన కాస్త తక్కువ. తక్కువ అన్నాను, ఉండదు అనలేదు, అది రెయిన్‌ఫారెస్ట్. రెయిన్‌కోటు ఏ నెలైనా ఉండాల్సిందే.

ప్రశ్న: అక్కడ సేఫేనా? కాంగో బోర్డర్ అంటున్నారు, ఇంట్లో ఒప్పుకోవట్లేదు.

జవాబు: ఇంట్లోవాళ్ళ భయానికి కారణం లేకపోలేదు. 1999 మార్చిలో బుహోమా మీద రువాండా నుంచి పారిపోయి కాంగోలో దాక్కున్న సాయుధులు దాడి చేసి 8 మంది టూరిస్టుల్ని చంపారు. ఆ తర్వాత అక్కడ సైన్యం, టూరిస్టు పోలీసుల కాపలా బాగా పెరిగింది. 2023 అక్టోబర్‌లో క్వీన్ ఎలిజబెత్ పార్క్‌లో ఒక కొత్త జంటనీ వాళ్ళ గైడ్‌నీ చంపేశారు, అది బ్విండి కాదు గానీ చాలామంది బ్విండికి వెళ్తూ దాని మీదుగానే వెళ్తారు. కాబట్టి వెళ్ళే నెలలో ప్రభుత్వాల ట్రావెల్ అడ్వైజరీ చూసుకోండి, చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండొద్దు. కంపాలా నుంచి 8, 10 గంటల ప్రయాణం, తెల్లారకముందే బయల్దేరితే మంచిది. ఓపిక లేకపోతే ఎంటెబే నుంచి కిహిహికి లేదా కిసోరోకి చిన్న విమానాలు ఉన్నాయి. రుషాగా, న్కురింగో వైపు వెళ్ళేవాళ్ళకి రువాండాలోని కిగాలిలో దిగి బోర్డర్ దాటడం దగ్గర దారి.

ప్రశ్న: గొరిల్లాల కోసం అక్కడి గిరిజనుల్ని అడవిలోంచి వెళ్ళగొట్టారని చదివాను. అలాంటి చోటికి టూరిస్టులా వెళ్ళడం తప్పు కాదా?

జవాబు: చదివింది నిజం. బట్వా అనే జనం ఆ అడవుల్లో వేటాడుకుంటూ, తేనె తీసుకుంటూ బతికేవాళ్ళు. 1991లో బ్విండిని నేషనల్ పార్క్ చేసినప్పుడు వాళ్ళని బయటికి పంపేశారు, భూమి దక్కలేదు, చాలామందికి పరిహారం అన్న మాటే లేదు, పక్కవాళ్ళ పొలాల్లో కూలీలయ్యారు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేర్చారు, ఆ గౌరవం అడవికి వచ్చింది గానీ వాళ్ళకి ఏమీ రాలేదు. 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం బట్వాలకి అన్యాయం జరిగిందని తీర్పిచ్చింది, వాళ్ళని బయటికి పంపినప్పటి నుంచి ఆ తీర్పు వచ్చేలోపు ఒక తరం గడిచిపోయింది.

పార్క్ ఎంట్రీ ఫీజులో 20 శాతం చుట్టుపక్కల ఊళ్ళకి ఇవ్వాలన్న రూల్ ఉంది, అది బట్వాల దాకా ఎంత చేరుతుందన్నది అక్కడ ఎప్పుడూ ఉండే గొడవే. వెళ్ళడం తప్పా అంటే, గొరిల్లాలు మిగిలింది ఈ పార్క్ వల్లే, ఆ పార్క్‌కి మూల్యం కట్టింది బట్వాలు, రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యడం నాకు చేతకాదు. మీరు వెళ్తే బట్వాలే గైడ్లుగా ఉండే నడకలు బుహోమా దగ్గర ఉన్నాయి, ఏ చెట్టు దేనికి వాడేవాళ్ళో, నిప్పు ఎలా రాజేసేవాళ్ళో వాళ్ళే చూపిస్తారు. డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో బుక్ చేసే ముందే అడగండి, డాన్స్ చూసి ఫోటో తీసుకుని వచ్చేసే రకం అయితే వదిలెయ్యండి.

ప్రశ్న: కాగితాలు, క్యాష్ గురించి కాస్త చెప్పండి.

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే ఉగాండాలోకి రానివ్వరు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. వీసా ఆన్‌లైన్‌లో ముందే పెట్టుకోవాలి, ఉగాండా ఒక్కటే అయితే 50 డాలర్లు, కెన్యా, రువాండా కూడా కలిపి తిరిగేట్టయితే 100 డాలర్ల ఈస్ట్ ఆఫ్రికా వీసా లాభం. పర్మిట్ మీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్ మీద ఉంటుంది, ఇంకొకరికి మార్చుకోలేరు, ట్రెక్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి. పాతవి, నలిగినవి, చిరిగిన డాలర్ నోట్లు అక్కడ తీసుకోరు, కొత్త నోట్లే పట్టుకెళ్ళండి. పోర్టర్‌కి 15, 20 డాలర్ల దాకా అవుతుంది, పైన టిప్ మీ ఇష్టం, కానీ చిల్లర షిల్లింగులు దగ్గర పెట్టుకోండి, అడవి అంచున 100 డాలర్ల నోటుకి చిల్లర ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.